సెల్లారులో ఇస్త్రీ బల్ల

ఎన్ని ఊళ్ళు తిరిగినా పెద్ద మేడల అడుగున ఇలాంటి మనిషి ఒకరు కనిపిస్తూనే ఉంటారు. ఈమె ఇస్త్రీ బల్ల సెల్లారులో, కార్ల వెనక. తడి వేలు పెట్టెకు తాకించి చుర్రుమంటే సరేనంటుంది. కాలర్‌తో మొదలుపెట్టి, మడత పూర్తయ్యాక పసిబిడ్డను జోకొట్టినట్టు చొక్కాను ఒక్కసారి తడుతుంది. పక్క గదిలో కాళ్ళు పడిపోయిన అత్త. "నా కోడలు ఊరందరి ముడతలూ తీస్తుంది, నా మొహం మీదవి తప్ప" అని వచ్చేపోయేవాళ్ళతో ముసలామె వేళాకోళం.

మొన్న వానలో మేడవాళ్ళంతా గబగబా దిగి కార్లు తీసుకుపోయారు. ఏదో పెళ్ళి కాబోలనుకుని ఆమె బల్ల జరిపి దారి కూడా ఇచ్చింది. వాగు పొంగుతోందని వాళ్ళ ఫోన్లకు కబురొచ్చిందట. అందరి ఒంటి మీదా ఆమె ఇస్త్రీ చేసిన చొక్కాలే. ఒక్కరూ ఆమెకు ఆ కబురు చెప్పలేదు. మబ్బులో నీళ్ళెన్నో ముందే చెప్పే శాస్త్రం అంత దూరం నుంచి వచ్చి, ఆ నాలుగు మెట్లు దిగలేకపోయింది! నీళ్ళు మోకాళ్ళు దాటాక ఆమె అత్తను వీపున వేసుకుని పైకెక్కింది.

మర్నాడు రెండో అంతస్తు ఇల్లాలు నొచ్చుకుంది. "అయ్యో, గ్రూపులో పెట్టామే, చూడలేదా?"

"అందులో నేను లేనమ్మా. మీ కార్లున్నాయి కాబోలు, ముందే వెళ్ళిపోయాయి."

ఇల్లాలు ఇస్త్రీకిచ్చిన తన చీరల సంగతి అడగబోయి ఆగిపోయింది.

ఇప్పుడు ఏ కారు స్టార్టయినా ఆమె పెట్టె దించి, ముందు అత్తను లేపి కూర్చోబెడుతుంది. ఇప్పటికీ ఆమెకు అందే హెచ్చరిక అదొక్కటే.