గోడకు అతికిన ఫారం

ఇరవై రెండేళ్లకు నాకున్న తొందర ఇప్పుడు ఎవరికైనా ఉందంటే జాలిపడతాను. ఆ తొందర పెట్టుకునే జగదల్‌పూర్‌లో సర్జన్ల సంఘం పత్రికలో చేరాను. రెండు నెలలకోసారి నాలుగు పేజీలు: కొత్త పరికరాల వార్తలు, శిక్షణల తేదీలు, పరీక్షల తేదీలు, చివర ఒక డాక్టరుగారి హాబీ. పోగుచేసి, టైపు చేసి, అచ్చు వేయించి, బస్సుల్లో ఆసుపత్రులకు పంపేది నేనే. (అన్నీ ఫోన్లలో వచ్చేస్తున్న ఆ రోజుల్లో కూడా ఆ కాగితం కోసం డాక్టర్లు ఎదురుచూశారంటే, అది హాబీ కోసమే.)

ఒకసారి మా పక్క జిల్లా బీజాపూర్ ఆసుపత్రి పెద్ద డాక్టరుగారిని హాబీ ఏమిటని అడిగాను. "నాకు హాబీల్లేవమ్మా, పనుంది" అని ఫోన్ పెట్టేశారు. అక్కడి హెడ్ సిస్టర్‌ది కిరందుల్ లైనులో రైల్వే కుటుంబం. ఆవిడ గుట్టుగా చెప్పింది: "లేకేటి? ఆదివారం వెదురు చీల్చి చేపలు పట్టే బుట్టలు అల్లుతారు. ఫొటో నాను పంపుతాను, నా పేరు సెప్పకమ్మా." ఫొటోలో ఆయన ఒళ్లో సగం అల్లిన బుట్ట, ముఖంలో నవ్వు. ఆసుపత్రిలో ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరట. మురిసిపోయి అరపేజీ వేశాను. ఆ అరపేజీ వెనకవైపు, కాగితం కలిసొస్తుందని, పై పరీక్షకు ఇచ్చే శిక్షణ దరఖాస్తు ఫారం అచ్చు వేయించాను. ఆసుపత్రికి ఒకటే ఫారం, దానిమీద సంఘం ముద్ర. జిరాక్సు చెల్లదు, అది కార్యదర్శిగారి నియమం.

గడువుకు ముందురోజు పొద్దున్నే, ఉండబట్టలేక, బీజాపూర్ చిన్న డాక్టరుకు ఫోన్ చేశాను. కోంటలో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి. సర్జన్ కావడానికి రాసే పై పరీక్ష ఒకసారి తప్పాడు. ఈ శిక్షణ దొరక్కపోతే మళ్లీ రాయనని ఇంట్లో చెప్పేశాడు కూడా.

"ఫారం నింపారా?"

"ఏం ఫారం? పేపరు నాదాకా రానేలేదు. సిస్టర్ పెద్దసారు ఫొటో కోసి ఆపరేషన్ థియేటర్ బయట గోడకు అంటించింది. మంచిగ వచ్చిందిలే ఫొటో."

ఫొటో వెనకే కదా ఫారం! దొరికిన బస్సెక్కాను. గీదంలో ఆగినంతసేపూ దిగి బస్సు చుట్టూ తిరుగుతుంటే కండక్టర్ హిందీలో, "కూర్చోండి మేడమ్, మీరు నడిస్తే బండి ముందుకు పోదు" అన్నాడు.

మధ్యాహ్నం ఆ గోడ ముందు ముగ్గురం నిలబడ్డాం. సిస్టర్ మైదాపిండి ఉడికించి అంచులకే కాదు, నడిమధ్య కూడా పూసిందట.

"పీకీడానికి నానొప్పుకోను. సార్ నవ్విన ఫొటో అచ్చులో ఇదొక్కటే."

"నా పరీక్ష పోతది సిస్టర్!"

"ఏంది లొల్లి?" అంటూ పెద్ద డాక్టరుగారే వచ్చారు. సంగతి విన్నారు. నావైపు తిరిగి, "రాసింది నువ్వేనా? బుట్టలో చేపలు బాగా పడతయని రాసినవ్. ఇంతవరకు ఒక్కటి పడలే" అన్నారు. తర్వాత సెలైన్, దూది, ఫోర్సెప్స్ తెమ్మన్నారు.

గంటన్నర పట్టింది. చిన్న డాక్టరు తడుపుతుంటే ఆయన అంచు లేపుతున్నారు. "గుంజకు. చర్మం అనుకో." నేను ఊరికే "సార్, ముద్ర, ముద్ర" అంటున్నాను. "ఈ పిల్లను బయటికి పంపియ్ సిస్టర్. పేషెంటు బంధువులు లోపల ఉండొద్దు." కిటికీలోంచి చూశాను. కాగితం వచ్చింది. ఒక మూల లేదు, ఫారం నిండా సున్నం, కానీ ముద్ర నిలిచింది. గోడకు ముద్రలేని ఇంకో కాపీ పంపుతానన్నాను. సిస్టర్ వెనక్కి తిప్పి చూసి, "మొకం బాగానే ఉందిలే" అని శాంతించింది.

చిన్న డాక్టరు నింపి ఇచ్చిన దాన్ని మర్నాడు సాయంత్రం కార్యదర్శిగారి బల్లమీద పెట్టాను. "ఇది ఫారమా, కట్టు విప్పిన గుడ్డా?" అన్నారు. ముద్ర కనిపించేసరికి తీసుకోక తప్పలేదు.

ఇంత చేస్తే, చిన్న డాక్టరు శిక్షణకు వెళ్లి కూడా ఆ ఏడు పై పరీక్ష తప్పాడు. (అది పత్రికలో వేయలేదు.) పైయేడు నెగ్గాడు. అప్పటికి పెద్ద డాక్టరుగారు పోయి నాలుగు నెలలు. నెగ్గిన వార్త అచ్చయ్యేదాకా ఆగలేక ఆయన ఇంటికి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తారు. ఫలితం చెప్పాను. చెప్పగానే, ఫోన్ చెయ్యకుండా ఉండాల్సిందనుకున్నాను.

"ఎవరు, ఆ గోడ కాగితం పిలగాడా?" అని ఆవిడ నవ్వారు. "ఆ రోజు ఇంటికొచ్చి చెప్పుకుంట చెప్పుకుంట ఈయన అన్నం తినలేకపోయిండు, నవ్వి నవ్వి." తర్వాత, "ఇంకేం రాస్తున్నవమ్మా ఈసారి?" అని అడిగారు.

ఎదురుగా ఉన్న కాగితం తీసి, పేగులు కుట్టే కొత్త స్టేప్లర్ గురించిన వార్త మొదటినుంచి చదివి వినిపించాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆవిడ మాత్రం ఊఁ కొడుతూ చివరిదాకా విన్నారు.