నలభై ఎనిమిది నిమిషాల అప్పలసూరి

మా అప్పలసూరి మావ ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పడు. అడిగిన నలభై ఎనిమిది నిమిషాల తర్వాత చెబుతాడు. చెవుడు లేదు, నత్తి లేదు, మతిమరుపు అసలే లేదు. చేతి గడియారం చూసుకుని, లెక్కపెట్టుకుని మరీ ఆలస్యం చేస్తాడు. ఇలాంటి మనిషిని దేవుడు ఎక్కడ ఉద్యోగంలో పెట్టాలి? బస్టాండులో విచారణ కౌంటర్లో పెట్టాడు.

ఏ ఊరి బస్టాండో చెప్పను, అక్కడ ఇంకా మావాళ్ళు పనిచేస్తున్నారు. పక్క కిటికీలో పార్సిళ్ళు తూచే పని నాది కాబట్టి పదేళ్ళు ఆయన్ని దగ్గరుండి భరించాను. అది విచారణ కౌంటరు కావడం వల్ల మొదటి రెండు నెలలూ జనం తేడా ఏమీ కనిపెట్టలేదని సాక్ష్యం కూడా చెప్పగలను.

ఈ జబ్బు పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. 2016 జూలై అయిదు, మంగళవారం పొద్దున్న. వెయిటింగ్ హాలు టీవీలో వార్తలు వస్తున్నాయి. అయిదేళ్ళ కిందట బయల్దేరిన జూనో అనే యంత్రం, లోపల మనిషన్నవాడు లేకుండా, గురుగ్రహం దగ్గరికి చేరుతోంది. చేరడం గొప్ప కాదట, ఆగడం గొప్పట. గురుడు లాగేస్తుంటే అది విపరీతమైన వేగంతో వస్తుంది. ఇంజను మూతి ముందువైపుకి తిప్పి, ముప్పై అయిదు నిమిషాలు మండించి బ్రేకు వేయాలి. బ్రేకు పడితే గురుడి చుట్టూ తిరుగుతుంది. పడకపోతే పక్కనుంచి దూసుకుపోతుంది, అయిదేళ్ళ శ్రమా గంగపాలు.

మావ కౌంటరు వదిలేసి టీవీ ముందు నిలబడిపోయాడు. ఆయన్ని పట్టేసింది బ్రేకు కాదు, కబురు. అక్కడి కబురు మనకి చేరడానికి నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంటే బ్రేకు వేయడం మొదలైందని ఇక్కడ తెలిసేసరికి, అక్కడ ఆ పని ముగిసిపోయి పదమూడు నిమిషాలైంది. ఇక్కడి పెద్దపెద్ద శాస్త్రవేత్తలు చేతులు నలుపుకుంటూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

“సూసినావేటిరా,” అన్నాడు నాతో. “మనం కంగారు పడే టైముకి అక్కడ పనైపోనాది. మరి మనిసికి కంగారెందుకు?”

ఆయన నాకు వెంటనే చెప్పిన ఆఖరి మాట అదే. ఆ రోజు నుంచి కిటికీ దగ్గర ఎవరేమడిగినా తల ఊపి, చీటీ మీద టైము రాసుకునేవాడు. పాలకొండ బస్సు గురించి అడిగినవాడు ఆ బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. జవాబు మాత్రం అప్పుడు కిటికీ దగ్గరున్నవాడికి దక్కేది. ఆ ధాటికి టెక్కలి వెళ్ళాల్సినవాళ్ళు కొందరు పాలకొండ చూసొచ్చారు. రోజూ తిరిగేవాళ్ళు మాత్రం తెలివిమీరి రేపటి బస్సు గురించి ఇవాళే అడగడం మొదలుపెట్టారు.

ఒక పెద్దమనిషి పైకి ఫిర్యాదు రాశాడు. దానికి పైనుంచి “పరిశీలనలో ఉన్నది” అని ఏడు నెలలకి సమాధానం వచ్చింది. మావ ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఏడు నెలలంటే మన సార్లు గ్రహాలన్నీ దాటి ఎంతో దూరంలో ఉన్నారని నాకు లెక్కతో సహా వివరించాడు.

ఇంట్లో ఈశ్వరత్త పాట్లు వేరు. కూర ఏం వండమంటారని అడిగితే, వంకాయ కూరతో భోజనం ముగించి చెయ్యి కడుక్కున్నాక ‘ఆనపకాయ’ అనేవాడు. పోనీ పోట్లాడదామన్నా కుదరదు. “నాను తిట్టేసి, గిన్నెలు తోమేసి, పక్కింటికెల్లి నవ్వుకుంతంటే అప్పుడొచ్చి ఎదురు సెప్తాడు బాబూ. ఎందుకు తిట్టినానో నాకే గేపకం ఉండదు,” అని నా దగ్గర వాపోయింది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆ ఇల్లు అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు.

గురుడి దగ్గర ఒళ్ళు మాడ్చే రేడియేషన్ ఉంటుంది. అందుకని జూనో కోడిగుడ్డులాంటి పొడుగు దారిలో తిరుగుతూ, యాభై మూడు రోజులకొకసారి దగ్గరికొచ్చి, చూడాల్సింది గబగబా చూసేసి దూరంగా పారిపోతుంది. పెద్దవాళ్ళ దగ్గర మసలే పద్ధతి ఇదేనని మావ తేల్చాడు. డిపో మేనేజరు గదిలోకి సరిగ్గా యాభై మూడు రోజులకొకసారి వెళ్ళి, సెలవు కాగితం మీద సంతకం పడగానే బయటపడేవాడు. రోజూ ఆ గదిలోనే కూర్చుని సారుని పొగిడే జగన్నాధం ఏడాది తిరక్కుండా పాతపట్నానికి బదిలీ అయ్యాడు. ఎందుకలా జరిగిందని నేనడిగితే, టైము ప్రకారం జవాబొచ్చింది. “మాడిపోనాడు.”

అయితే ఆలస్యం ఎప్పుడూ నలభై ఎనిమిదే కాదు. భూమీ గురుడూ తిరుగుతుంటాయి కాబట్టి దూరం మారుతుంది, దాంతోపాటు కబురు టైమూ మారుతుంది. మావ రోజూ లెక్కకట్టి, కౌంటరు అద్దం మీద “నేటి ఆలస్యం” అని అంకె అంటించేవాడు. ప్రయాణికులు అది బస్సులదనుకునేవారు. దానివల్ల వాళ్ళకేమీ నష్టం రాలేదు. 2019 జూన్‌లో గురుడు బాగా దగ్గరికొచ్చి అంకె ముప్పై ఆరుకి దిగింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న అనిత వచ్చింది. నర్సింగు చదివినన్నాళ్ళూ మా బస్టాండు మీదుగా తిరిగిన పిల్ల. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు ఒంటిగంటలోగా వెళ్ళి సంతకం పెట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. వాళ్ళ నాన్న తిరుమలరావు వరీ వేరుశనగా పండించే రైతు, మంచివాడే. కానీ రాత్రి డ్యూటీలన్న మాట వినగానే పిల్ల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళం వాళ్ళమ్మ తీసింది. పిల్ల ఏమీ తినకుండా, ఏడ్చిన మొహంతో వచ్చింది. బస్సు సంగతి ముందురోజే అడిగి పెట్టుకుంది కాబట్టి నేరుగా ఎక్కేసింది.

బస్సు కదిలిన పావుగంటకి తిరుమలరావు బుల్లెట్టు మీద వచ్చి కిటికీ ముందు దిగాడు.

“అప్పలసూరీ, మా పిల్ల ఇక్కడ బస్సెక్కినాదా, ఆమదాలవలసెల్లి రైలెక్కినాదా? ఏటో ఒకటి సెప్పు. ఎనక్కి తెచ్చేస్తాను.”

బుల్లెట్టు ఒక్కటి, దారులు రెండు. తప్పు దారి పడితే పిల్ల దొరకదు. మావ అద్దం మీది అంకె చూపించి చీటీ మీద టైము రాసుకున్నాడు. తిరుమలరావు నావైపు తిరిగాడు. నేను అలవాటు చొప్పున, ఇది పార్సిల్ కౌంటరండి, విచారణ పక్క కిటికీ అన్నాను. నా ఉద్యోగ జీవితంలో ఆ మాట ఒకరికి మేలు చేసింది అప్పుడొక్కసారే.

ఆయన కిటికీ చెక్క మీద గుద్దాడు. మా అందరి వంశాలనీ తలుచుకున్నాడు. పది నిమిషాలకి గొంతు తగ్గింది. ఇరవై నిమిషాలకి టీ తాగాడు. అరగంటకి బెంచీ మీద కూలబడి, ఆ పిల్ల ఇంటికి దూరంగా ఒక్క రాత్రి కూడా పడుకోలేదని నాతో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా మొండివాడనుకున్న మనిషి మీద నాకు జాలేసింది.

ముప్పై ఆరు నిమిషాలయ్యాయి. మావ పెదవి విప్పలేదు. నలభై అయ్యాయి. నలభై అయిదు అయ్యాయి. మూడేళ్ళలో ఎన్నడూ ఇలా జరగలేదు. యాభై రెండో నిమిషాన తలెత్తాడు.

“ఇజీనారం బస్సెక్కినాది. ఇంక నీ బుల్లెట్టుకి అందదు.”

తిరుమలరావు అరవలేదు. మెల్లగా అన్నాడు. “పొద్దుట్నుంచి ఏటీ తిననేదు. తిన్నాదో నేదో.”

“తిన్నాది,” అన్నాడు మావ.

ఆ క్షణంలోనే అన్నాడు. నా చేతిలోని తూకంరాయి కాలి మీద పడింది.

“మా ఈశ్వరి కట్టిన దిబ్బరొట్టి ఇచ్చినాను. సగం తిన్నాది. సగం దార్లో తింతానన్నాది.”

తిరుమలరావు బుల్లెట్టుని మా పార్సిల్ గది పక్కన పెట్టాడు. పిల్లకి ఇష్టమని ఒక అత్తం చక్రకేళీ అరటిపళ్ళు కొని, విజయనగరం వెళ్ళే తర్వాతి బస్సెక్కాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఇవాళ అంకె ముప్పై ఆరు కదా మావా, యాభై రెండు తీశావు, లెక్క తప్పావు అని పట్టుకున్నాను. ఆయన గడియారం చూసుకుని తన పనిలో పడ్డాడు. సరిగ్గా ముప్పై ఆరు నిమిషాలకి నా కిటికీ దగ్గరికొచ్చాడు.

“లెక్క తప్పనేదురా. ఆ బస్సు ఇజీనారం సేరడానికి రోజూ పదహారు నిమిసాలు లేటు. అది కూడా కలిపినాను.”