రేకు చుట్టిన సీసా

నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు టైం ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఒకసారి రాసిన అంకెను దిద్దే అలవాటు నాకు లేదు. పక్కింటి గ్రేసుకు ఎక్కాలు నేర్పింది కూడా నేనే.

పోయిన వేసవిలో గ్రేసు తన పరిశోధన కోసం మా డాబా మీద రెండు సీసాలు పెట్టింది. రెండింట్లోనూ రోజూ పొద్దున్నే కొత్తగా పోసే నీలం రంగు నీళ్ళు, కంటికి కనపడనంత సన్నని బంగారు రేణువులు. ఆ రేణువులు వెలుగును పట్టి రంగును విరగ్గొడతాయట. అది నిజమైతే, వెలుగు తగలకుండా రేకు చుట్టిన రెండో సీసా నీలంగానే ఉండాలి. రోజూ సాయంత్రం రేకు విప్పి చూసి రాయడం నా పని. పందొమ్మిది రోజుల్లో ఏడు రోజులు, ఎండ మండిపోయినప్పుడు, అదీ వెలిసిపోయింది. వేడికే అయి ఉంటుందని రాశాను.

కాలేజీలో తను ప్రసంగించిన రోజున నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. తెర మీద నా పట్టికే వేసింది. అందులో పన్నెండు రోజులే ఉన్నాయి.

"ఏటే గ్రేసూ, మిగతా ఏడు రోజులూ ఏటైపోనాయి?" అని లేచి అడిగాను.

తను నవ్వి, మామ్మకు కంట్లో శుక్లాలనీ, రంగులు పోల్చుకోలేదనీ సభకు ఇంగ్లీషులో చెప్పింది. అందరూ నవ్వారు. "కూసో మామ్మా, పరువు పోతాది" అంది నాతో మెల్లగా.

నా శుక్లాలు అంతకు ముందు ఏడాదే తీయించుకున్నాను. ఆస్పత్రిలో కట్టు విప్పగానే మూడు వేళ్ళు చూపించి, "ఎన్ని మామ్మా?" అని అడిగింది గ్రేసే. సరిగ్గా చెప్పానని నన్ను ముద్దు పెట్టుకుంది కూడా.

ఏడు రోజులు కొట్టేసిందని కాదు, ఆ మూడు వేళ్ళు మరిచిపోయినట్టు మాట్లాడిందనే నాకు ఇప్పటికీ బాధ.