చిక్కిన అల్లుడు, ఒంటిపూట అత్తగారు

మా వైపు మనిషి లావెక్కితే ఎవరూ ఏమీ అనరు. పైగా "ఒళ్లు చేశావు, బాగున్నావు" అని మెచ్చుకుంటారు. అదే ఓ నాలుగు కిలోలు తగ్గి చూడండి, ఊరు ఊరంతా డాక్టరైపోతుంది. "ఏంటి బాబాయ్, అలా పీక్కుపోయావు, షుగరా?" అని పాలు పోయించుకునే చోట ఒకడు. "టెస్టులన్నీ చేయించారా అండి?" అని బ్యాంకులో ఇంకొకడు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అని రైలు గేటు దగ్గర మరొకడు, అదీ గేటు పడి ఉన్నప్పుడు, తప్పించుకునే వీలు లేకుండా. నేను తగ్గింది నాలుగు కిలోలు కాదు. నిండు గ్యాసు బండలో ఎంత గ్యాసుంటుందో అంత. ఇక నా గతేమిటో మీరే ఊహించుకోండి.

నాకే రోగమూ లేదు మహాప్రభో! రాబోతోందని మాత్రం తెనాలిలో మా డాక్టరు చెప్పాడు. "షుగరు గడప దాకా వచ్చి నిలబడింది సార్. లోపలికి పిలుస్తారో, బయటికి తరుముతారో మీ ఇష్టం" అన్నాడు. తరిమాను. రోజూ తెల్లవారగానే నందివెలుగు రోడ్డు పట్టుకుని నడిచాను. మొదట్లో కుక్కలు వెంటపడితే గబగబా నడిచాను. కొన్నాళ్లకు అవి నన్ను పట్టించుకోవడం మానేశాయి, అయినా నడిచాను. రాత్రిపూట అన్నానికి బదులు రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా ప్యాంట్లన్నీ నడుము దగ్గర కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది.

తగ్గడం ఒక ఎత్తు, తగ్గిన ఒంటిని అలాగే నిలుపుకోవడం ఇంకో ఎత్తు. తగ్గేటప్పుడు జనం అయ్యో అని ఊరుకుంటారు. తగ్గాక మాత్రం తినిపించడానికి నడుం కడతారు. అలా కట్టినవాళ్లలో అందరికంటే ముందున్నది రేపల్లెలో ఉండే మా అత్తగారు.

ఆవిడకు డెబ్బై దాటాయి. కొడుకు ఇంట్లో ఉన్నా వంటింటి పెత్తనం ఇప్పటికీ ఆవిడదే. నేను వస్తున్నానంటే అడవులదీవి నుంచి పీతలు దిగుతాయి, పొయ్యి మీద గారెల మూకుడు ఎక్కుతుంది. నాతో మాత్రం నేరుగా మాట్లాడదు. అల్లుడితో ఎదురుపడి మాట్లాడటం ఆవిడకు అలవాటు లేదు. టేబుల్‌కి అటు పక్కనే నిలబడి, నన్నే చూస్తూ, మా ఆవిడతో అంటుంది: "అల్లుడుగారిని ఇంకో రెండు గారెలు వేసుకోమనవే." నేను "వద్దని చెప్పవే" అంటాను. మధ్యలో మా ఆవిడ నోరు విప్పాల్సిన అవసరమే ఉండదు. అల్లుడు చిక్కిపోతే ఆ చెడ్డపేరు అత్తగారిదేనని ఆవిడ గట్టి నమ్మకం.

ఈ వ్యవహారం ఇలా నడుస్తుండగా మా డ్రిల్లు మాస్టారు నా కొంప ముంచాడు. ఆయన రిటైరైపోయినా విజిల్ మానలేదు. పొద్దున్నే మా నడక గుంపును ముందుండి తోలుకెళ్లేది ఆయనే. బాపట్లలో సూర్యలంక రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టాలని, దాని మీద వచ్చే డబ్బు డయాలసిస్ ఖర్చులు భరించలేనివాళ్లకు ఇవ్వాలని ఆయన తలపెట్టాడు. మంచి పనే, కాదనను. కానీ నడిచి తగ్గినవాణ్ని చూస్తే నలుగురికీ ఉత్సాహం వస్తుందని నా ఫోటో ఫ్లెక్సీ మీద వేయించాడు. ఆ ఫోటో ఎప్పటిదనుకున్నారు? నడక ముగించి, బుగ్గలు లోపలికి పోయి, గుడ్లు తేలేసి, మంచినీళ్ల కోసం చెయ్యి చాచిన క్షణంలో తీసింది. ఫ్లెక్సీ వేసినవాడు దాని చుట్టూ బంతిపూల చట్రం బిగించాడు. కింద పెద్ద అక్షరాలతో "కిడ్నీ రోగులకు చేయూతనివ్వండి" అని ఉంది.

రేపల్లె బస్టాండు దగ్గర దాన్ని చూసి మా అత్తగారు కూరగాయల సంచీతో సహా అక్కడే కూలబడిపోయిందట.

వెంటనే ఫోను మోగింది. "ఎన్నాళ్లు దాస్తారే నా దగ్గర?" అని ఏడుపు. అలాంటిదేమీ లేదని మా ఆవిడ చెప్పింది. నేను ఫోను లాక్కుని అరిచాను. డ్రిల్లు మాస్టారి చేత కూడా చెప్పించాను. "సరేలెండి" అందావిడ. ఆ సరే ఎలాంటి సరేనో నాకు తెలుసు. చావుబతుకుల్లో ఉన్నవాడు "నేను బాగానే ఉన్నా" అంటే మనమనే సరే.

ఆ తరవాత కొద్ది రోజులకు మా ఆవిడ పుట్టింటికి వెళ్లి, రెండు రోజులుండి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"అమ్మ ఒంటిపూట ఉంటోందండి" అంది.

"ఎందుకు?"

"మీరు మళ్లీ మునుపటిలా అయ్యేదాకా మధ్యాహ్నం ఒక్కపూటే తింటానని మొక్కుకుందట. పొద్దున టిఫిన్ లేదు, రాత్రి అన్నం లేదు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి."

నాకు ముందు ఒళ్లు మండింది. నా పొట్ట మీద ఈవిడ పెత్తనమేంటి అనుకున్నాను. ఆ తరవాత భయమేసింది. నేను లావెక్కితే షుగరు నాకు. ఎక్కకపోతే నీరసం ఆవిడకు. నేను ఆరోగ్యంగా ఉన్నంత కాలం డెబ్బై దాటిన మనిషి రాత్రిపూట మంచినీళ్లు తాగి పడుకుంటుందన్నమాట. ఇలాంటి ఇరకాటం పగవాడికి కూడా వద్దు.

అందుకని ఒక ఎత్తు వేశాను. చొక్కా కింద మూడు బనీన్లు తొడుక్కుని, మా ఆవిడను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కాను. అద్దంలో చూసుకుంటే పాత రోజులు తిరిగొచ్చినట్టే కనిపించాను. అత్తగారు నన్ను చూసి ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేసింది కూడా. పని అయిపోయిందనుకున్నాను. కానీ ఎండాకాలం, పైగా ఆ ఇంట్లో కరెంటు పోయింది. నా ఒంటి మీద చెమట కాలవలు కట్టింది.

"అమ్మో, అల్లుడుగారికి ముచ్చెమటలు పడుతున్నాయే! గుండేమో చూడవే!" అని ఆవిడ గావుకేక పెట్టింది.

నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా బావమరిది పక్క సందులోని ఆర్.ఎం.పి. డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన స్టెతస్కోపు పెట్టడానికి చొక్కా విప్పించాడు. బనీను తీయించాడు. దాని కింద ఇంకో బనీను. అది తీస్తే మరొకటి. ఉల్లిపాయ వలిచినట్టు వలిచి, "ఏంటండి ఇది, చలిజ్వరమా?" అని అడిగాడు. కిటికీ దగ్గర చేరిన పక్కింటి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ మాత్రం ఏ అడ్డమూ లేకుండా పగలబడి నవ్వింది. అత్తగారు నవ్వలేదు. బయటపడ్డ నా పక్కటెముకలను చూసి కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రీ ఆవిడ కంచం గూట్లోనే ఉండిపోయింది.

ఇక దాగుడుమూతలు లాభం లేదనుకున్నాను. జబ్బు మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తలేడు కదా! ఆ పరుగేదో ఆవిడ కళ్ల ముందే పెడదామనుకున్నాను. "మీ అమ్మను బాపట్ల రమ్మను. నేను పరుగెత్తి వస్తే ఆ మొక్కు వదిలేయమను" అన్నాను మా ఆవిడతో. టేబుల్‌కి అటు పక్క నుంచి జవాబు వచ్చింది: "ముందు రానీవే, తరవాత చూద్దాం."

నేను నడిచేవాణ్ని గానీ పరుగెత్తేవాణ్ని కాను. అప్పటిదాకా నేను పరుగెత్తింది రైలు తప్పిపోతుందన్నప్పుడే. డ్రిల్లు మాస్టారు వెనకాల విజిల్ ఊదుతూ నన్ను తయారుచేశాడు. నేను సొంతంగా నవ్వడం కూడా సాధన చేశాను. చివరి గీత దాటేటప్పుడు గుడ్లు తేలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నవ్వుతూ, చెయ్యి ఊపుతూ రావాలి.

పరుగు పెట్టిన ఆదివారం పొద్దున్నే అత్తగారిని, మా ఆవిడను గీత దగ్గరున్న షామియానాలో కూర్చోబెట్టి వెళ్లాను. పరుగు మొదలైంది. కొంతదూరం హుందాగానే వెళ్లాను. తరవాత చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకున్న ఒక టీచరమ్మ నన్ను దాటిపోయింది. కూతుర్ని భుజాన ఎక్కించుకున్న ఒకాయన దాటిపోయాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకు టాటా చెప్పింది. సముద్రపు గాలి ఎదురు కొడుతోంది, గొంతు ఎండిపోతోంది. అయినా ఆగలేదు. ఇవాళ రాత్రి మా అత్తగారు అన్నం తినాలి, అంతే, దేవుడా, అనుకుంటూ వచ్చాను.

గీత కనబడగానే నవ్వు తగిలించుకున్నాను, చెయ్యి ఎత్తాను. అప్పటికే సగం జనం ఇళ్లకు పోయారు. మా అత్తగారు నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నేను గీత దాటాను. ఆవిడ తిరగలేదు. నేనన్ని తంటాలు పడి తెచ్చిన నవ్వును చూసింది మంచినీళ్ల డ్రమ్ము ఒక్కటే.

"అత్తయ్యగారూ!" అని అరవబోతే మా ఆవిడ గబుక్కున వచ్చి నా నోరు మూసింది.

"ష్, కదిలించకండి. తింటోంది."

నేను చుట్టూ తిరిగి చూశాను. నిజమే. ఇంకా ఎనిమిదైనా కాలేదు, మా అత్తగారు ఆకు ప్లేటులో ఉప్మా తింటోంది. పక్క కుర్చీలో ఆవిడ వయసు మనిషే ఒకావిడ, చేతికి కట్టుతో, ఆ తినడాన్ని కన్నార్పకుండా చూస్తోంది. జరిగిందేమిటో మా ఆవిడ నా చెవిలో చెప్పింది.

ఆ కట్టు ఉన్నావిడ డయాలసిస్ చేయించుకునే మనిషి. టిఫిన్ పంచేవాళ్లు ఇద్దరికీ ఆకు ప్లేట్లలో ఉప్మా, అరటిపండు పెట్టి ఇచ్చారట. మా అత్తగారు ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. "తినరేంటి వదినా?" అని ఆవిడ అడిగింది. మొక్కు అని ఈవిడ చెప్పింది. ఏం మొక్కని అడిగితే, మా అల్లుడుగారు లావవ్వాలని అంది. ఆవిడ కడుపు పట్టుకుని నవ్విందట. "ఆయన లావవ్వాలంటే ఆయన కదండీ తినాల్సింది!" అని. నవ్వడం అయ్యాక అందట: "నాకు అరటిపండు కూడదు. కొబ్బరినీళ్లు కూడదు. ఆవకాయ కళ్లతో చూడటమే. మంచినీళ్లు కూడా మా అబ్బాయి కొలిచి ఇస్తాడు. తినగలిగి కూడా మానేస్తే ఎలా వదినా? ఆ పండు వలవండి. మీరు తినండి, నేను చూస్తా."

మా అత్తగారు ఒళ్లో ఉన్న ప్లేటు చేతిలోకి తీసుకుందట. తరవాత పండు వలిచిందట.

నేను చెమటలు కారుస్తూ వాళ్ల ముందుకెళ్లి నిలబడ్డాను. "ఈయనే మా అల్లుడుగారు" అంది అత్తగారు, ఉప్మా నములుతూ. కట్టు ఉన్నావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఈయనా? దుక్కలా ఉన్నాడు కదండీ!" అంది.

ఏడాదిగా నన్నా మాట అన్నవాళ్లు లేరు. నాకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. కానీ వంగితే లేవలేను. దండం పెట్టి ఊరుకున్నాను. ఆవిడ నాకు రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టింది, కట్టు ఉన్న చెయ్యి నెమ్మదిగా కదిపి. తమ కోసం పరుగెత్తేవాళ్లలో చివరి మనిషి వచ్చేదాకా లేవనని పొద్దుటి నుంచి అలాగే కూర్చుందట. ఆ చివరి మనిషిని నేనే. ఆ మధ్యాహ్నమే ఆవిడ మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలి. ఆ సంగతి విన్నాక ఆ చప్పట్లు వినడం నాకు కష్టమైంది.

తిరిగి రేపల్లెకు కారులో బయల్దేరాం. పీతల కూర పొద్దుటే వండి ఉంచానని, రాత్రికి అందరం కలిసి తిందామని అత్తగారు మా ఆవిడతో అంది. అందరం అన్న మాటను మా ఆవిడ నాకు కళ్లతో మళ్లీ చెప్పింది. మరి మొక్కు సంగతేంటని నేను మెల్లగా అడిగించాను. "అది దేవుడితో నేను మాట్లాడుకుంటాలే" అని అత్తగారు కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, నన్నే చూస్తూ, మా ఆవిడతో అంది:

"ఇంకాస్త ఒళ్లు తగ్గించి, వచ్చే ఏడాదైనా తొందరగా రమ్మనవే మీ ఆయన్ని. ఆవిడ ఎంతసేపని కూర్చుంటుంది!"