మా అన్న మెచ్చుకున్న జబ్బు

నా మాట మా ఇంట్లో ఎవరూ పూర్తిగా విన్నది లేదు. నేను మొదలుపెట్టగానే ఒకరికి ఫోన్ వస్తుంది, ఇంకొకరికి బర్రె గుర్తుకొస్తుంది. పోయిన నెలంతా మా అన్నకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. మర్యాదగా అడిగే దారులన్నీ అయిపోయాయి కాబట్టి నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

మా అన్నకు తాండూరులో బండల పాలిష్ కార్ఖానా ఉంది. పెళ్ళికి ముందు నేను చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాను. లారీకి ఎక్కించే ముందు ప్రతి బండనూ చిన్న సుత్తితో తట్టి చూడటం నా పని. మంచి బండ ఖంగుమంటుంది. లోపల సన్నని చీలిక ఉంటే చచ్చు చప్పుడు వస్తుంది. చేయి తిరిగినవాడికి ఒక్క దెబ్బ చాలు. నాకు చాలేది కాదు. ఖంగుమనేది. సరిగ్గా విన్నానా? మళ్ళీ కొట్టేవాడిని. మళ్ళీ ఖంగుమనేది. మిషన్ మోతలో అలా వినబడిందేమో? ఆ బండ ఎవరింట్లోనో సజ్జ అవుతుంది, దాని కింద ఒక పసిపాప పడుకుని ఉంటుంది, సజ్జ విరుగుతుంది. ఆ పాప నా కళ్ళ ముందు కనబడేది. అది ఉత్త ఊహేనని నాకు తెలుసు. తెలిసే మళ్ళీ కొట్టేవాడిని. ఇది చాలామందికి అర్థం కాదు. వీడికి జాగ్రత్త ఎక్కువ అనుకుంటారు.

దీన్ని మా అన్న ఏం చేశాడంటే, అమ్ముకున్నాడు.

"మా తమ్ముడు తట్టిన బండ సేట్, కండ్లు మూసుకొని తీస్కపో. వాని చెయ్యి పడ్డంక పలుగుడు, ఇరుగుడన్న మాటే లేదు" అని గిరాకీలకు చెప్పేవాడు. నా భుజం చరిచేవాడు. అదే లారీ ఆలస్యమైన రోజున హమాలీల ముందు, "ఏందిరా, బండతోని ముచ్చట పెడ్తున్నవా? ఏ ఊరో అడిగినవా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

ఆయన కొత్త ఇంటి గృహప్రవేశం నాడు నేను భోజనానికి కూర్చోబోతుంటే, "జర తట్టి చూసి కూసో తమ్మీ, బండ పలుగుతదేమో" అన్నాడు. విస్తళ్ళ ముందు బంధువులంతా నవ్వారు. నేను తినకుండా లేచి వచ్చేశాను. వెనక నుంచి ఒక్కరూ పిలవలేదు.

అది జబ్బు అని నాకు చెప్పింది వికారాబాద్‌లో ఒక డాక్టరమ్మ. పెళ్ళయ్యాక అక్కడికి మారి వైర్లు, బల్బుల దుకాణం పెట్టుకున్నాను. సుత్తి పోయి తాళం వచ్చింది. షట్టర్ వేసి సగం దారి పోయి వెనక్కి వచ్చేవాడిని. నా భార్య విసిగిపోయి నన్ను ఆమె దగ్గరికి లాక్కెళ్ళింది.

"తాళం పడ్డదని మీకు తెలుస్తది గదా. మరి ఎందుకు వాపస్ పోతరు?" అని అడిగింది డాక్టరమ్మ.

అన్నేళ్ళలో నన్ను ఎందుకు అని అడిగిన మొదటి మనిషి ఆమె. ఎవడో లోపలికి దూరి వైరు అంటిస్తాడేమో, పైన కాపురమున్నవాళ్ళు కాలిపోతారేమో అని చెప్పాను. ఆమె నవ్వలేదు. దీన్ని ఓసీడీ అంటారని, అనుమానం పుట్టడం నా చేతిలో లేదని, దాని మాట విని వెనక్కి పోయినకొద్దీ అది బలుస్తుందని చెప్పింది. మాత్రలు రాసింది. తాళం ఒక్కసారి వేసి, గుండె ఎంత కొట్టుకున్నా ఇంటికి నడవమంది. మొదట్లో ఆ నడకకు చొక్కా తడిసిపోయేది. ఓర్చుకుంటే భయం దానంతటదే దిగుతుందని మెల్లగా తెలిసింది. అనుమానం ఇప్పటికీ వస్తుంది. రానిస్తాను. దాని వెంట వెనక్కి మాత్రం పోను.

ఈ సంగతి చెబుదామని సంతోషంగా తాండూరు పోయాను. "మెంటల్ డాక్టర్ తాన్కి పోయిన్నని ఊర్ల చెప్పకు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది" అన్నాడు మా అన్న. చాయ్ కూడా అడగలేదు.

ఇప్పుడు నా గొడవంతా ఆ ఆడపిల్ల గురించే, మా అన్న కూతురు గురించే. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ మధ్య వాళ్ళింటికి పోతే నల్లా దగ్గర గిన్నెలు తోముతూ కనబడింది. కడిగినవే కడుగుతోంది. వేళ్ళ సందులు పగిలి నెత్తురు చిమ్మేలా ఉన్నాయి. "మా బిడ్డ కడిగితే గిన్నెల మొఖం చూస్కోవచ్చు" అని మా వదిన మురిసిపోతోంది. ఇంటిల్లిపాది అంట్లూ ఇప్పుడు ఆ పిల్లే తోముతోంది.

"చిన్నాయినా, జర ఇటు రా" అని పిల్లే నన్ను పక్కకు పిలిచింది. కందుల బస్తాల వెనక ఎలుకల మందు పెట్టారట. తను దాని దగ్గరికి కూడా పోలేదట.

"ముట్టలేదని ఎరుకనే. గని చేతికి అంటిందేమో, అమ్మ, బాపు తింటే సచ్చిపోతరేమో అనిపిస్తది. కడిగితే జరసేపు నిమ్మళం. మళ్ళ షురూ. నువ్వు గోలీలు మింగుతవంట గద? నన్ను గూడ తీస్కపోవా?"

ముట్టలేదని ఎరుకనే అంది. ఆ మాట విన్నాక నాకు వేరే పరీక్ష అక్కర్లేదు. డాక్టరమ్మను అడిగితే, చిన్నపిల్ల కాబట్టి తల్లో తండ్రో వెంట రావాలంది. వదినతో చెబితే మీ అన్ననే అడుగు అంది. అన్నను అడిగాను.

"నీ బీమారి నా బిడ్డకు అంటవెట్టకు. సాఫ్‌గ ఉండుడు గూడ బీమారేనా?"

"చేతులు చూసినవా అన్నా?"

"కొబ్బరినూనె రాస్తున్నం."

"నూనె రాస్తే భయం పోతదా?"

"నువ్వు నీ తాళం చూస్కో పో."

అప్పటి నుంచే ఫోన్ ఎత్తడం లేదు.

ఇది రాస్తానని పిల్లకు ముందే చెప్పాను. "నా పేరు రాయకు చిన్నాయినా. మిగిలిందంత రాయి" అంది. రాశాను.

అన్నా, నన్ను నవ్వులపాలు చేసినవేవీ నేను మరవలేదు, మరవను కూడా. వాటి సంగతి తర్వాత. పిల్లకు పరీక్షలు దగ్గరపడ్డాయి. పుస్తకం పట్టే ముందు చేతులు కడుక్కుంటుంది, పట్టాక మళ్ళీ కడుక్కుంటుంది. తడి చేతులకు పేజీలన్నీ ఉబ్బిపోయాయి. నీ ఇంట్లోనే ఉన్నాయి, తెరిచి చూడు. గిరాకీ పిలిస్తే హైదరాబాద్ దాకా ఉరుకుతావు, నీ బిడ్డ అడిగితే వికారాబాద్ దాకా రాలేవా? సోమవారం డాక్టరమ్మ ఉంటుంది. పొద్దున రైలు వేళకు నేను స్టేషన్‌లో ఉంటాను. బిడ్డను తీసుకుని దిగుతున్నావా, లేదా? ఫోన్ ఎత్తి ఆ ఒక్క మాట చెప్పు.