గుడ్డిరాజు రూపాయి

నాణేలకు ఒక వాసన ఉంటుంది. చెమట పట్టిన అరచేతిలో చాలాసేపు నలిగిన ఇనుప ముక్క వాసన లాంటిది. ఇంట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఆల్బమ్ తిరగేస్తున్నప్పుడు ఆ వాసన నాకు బాగానే ఉండేది. రాయపూర్లో పండరీ దగ్గరి పెళ్ళిళ్ళ హాల్లో ఆ శనివారం అదే వాసన గోడ నుంచి గోడ దాకా వేసిన బల్లల మీంచి ఒక్కసారిగా లేచి, సమోసా నూనెతోనూ గుట్కాతోనూ కలిసి ముక్కుకు తగిలేసరికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

నాణేల ప్రదర్శనకు వెళ్ళడం నాకదే మొదలు. బడిలో ఉన్నప్పటి నుంచీ పోగేస్తున్నాను కానీ, పోగేసేవాళ్ళ మధ్యకు ఎప్పుడూ వెళ్ళలేదు. నలుగురిలో నా నోరు పెగలదు. పుస్తకాలతోనూ నాణేలతోనూ ఆ ఇబ్బంది లేదు. అవి మనల్ని ఏమీ అడగవు. ఆ రోజు వెళ్ళడానికి కారణం మావయ్య. మాకు ఆయన చుట్టం కాదు. మా రైల్వే కాలనీలో తెలుగిళ్ళన్నిటికీ ఆయన మావయ్యే. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. ఆయన లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నా మొదటి ఆల్బమ్ ఆయన ఇచ్చిందే. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాలనీ, మొహం మీద వేలు పెట్టకూడదనీ నేర్పింది ఆయనే. ఈసారి ప్రదర్శనలో తనకూ ఒక బల్ల ఇచ్చారనీ, నేను తప్పకుండా రావాలనీ ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఏటా ఆయన తిరుపతి వెళ్తాడు. రాయపూర్ నుంచి తిరుపతి అందరికీ కుదిరే ప్రయాణం కాదు. అందుకని కాలనీలో ఎవరి ఇంట్లో ముడుపు ఉన్నా ఆయన చేతికిచ్చి హుండీలో వేయమనేవాళ్ళు. ఆయన బయల్దేరే రోజు పసుపు గుడ్డ మూటలు ఒక సంచీ నిండేవి. తిరిగొచ్చి ఇంటింటికీ లడ్డూ పంచేవాడు.

ఆ మూటల్లో ఒక ఏడాది నాదీ వెళ్ళింది. చిన్నప్పుడు నాకు చాలా కాలం మాటలు రాలేదట. చెవులు వినిపిస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి, నోరు మాత్రం విప్పను. మా నానమ్మ నా మొలతాడుకు కట్టిన వెండి రూపాయి విప్పి, పసుపులో తడిపిన గుడ్డలో ముడుపు కట్టి, మా ఆడగుంట నోరు విప్పితే నీ రూపాయి నీకు పంపిస్తానని వెంకన్నకు మొక్కుకుంది. కొన్నాళ్ళకు నేను నోరు విప్పాను. అన్నం ముద్ద ఒకటి ఎక్కువ పెట్టబోతే, "వద్దు" అన్నానట. ఆ ఒక్క మాట కోసం దేవుడికి వెండి రూపాయా అని మా నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. నాన్నకు సెలవు దొరక్క, నానమ్మకు మోకాళ్ళు సాగక, ఆ మూట పూజ అరలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. చివరికి మావయ్య చేతికిచ్చారు. ఆ రాత్రి నానమ్మ నిశ్చింతగా నిద్రపోయిందని మా అమ్మ చెప్పేది.

ఆ రూపాయిని మా ఇంట్లో గుడ్డిరాజు అనేవాళ్ళం. కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ ఉంటుంది దాని మీద. మొలతాడుకు కట్టడానికి బెజ్జం వేయమంటే కంసాలి అయితే అంచున సన్నగా వేసేవాడు. మా తాతయ్య లోకోషెడ్డులో ఫిట్టరు. షెడ్డుకు పట్టుకెళ్ళి, యంత్రం కింద పెట్టి, సరిగ్గా రాజు కంట్లోంచి ఇవతలికి దించాడు. నానమ్మ తిట్టిన తిట్లు పక్క క్వార్టర్ల దాకా వినిపించాయట.

హాల్లోకి వెళ్తుంటే గుమ్మం దగ్గరాయన ఎవరితో వచ్చావని హిందీలో అడిగాడు. ఒక్కదాన్నే అంటే, తమ్ముడి కోసమా అన్నాడు. తల ఊపి లోపలికి వెళ్ళాను. ఊపినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

లోపల అందరూ మగవాళ్ళే. వేలు నాలిక్కి తడిచేసుకుని నోట్లు తిరగేస్తున్నారు. మామూలు పది రూపాయల నోటును, నంబరు అదృష్టమని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దండ వేశారు. ఒక బల్ల దగ్గర ఎక్కువ గుంపు ఉంటే తొంగి చూశాను. ఆరంగ్, తిల్దా వైపు పల్లెల్లో ఆడవాళ్ళు మెడలో వేసుకునే రూపాయల దండలు అక్కడ కుప్పగా పడున్నాయి. మన కాసులపేరు లాంటివే, కాకపోతే వెండివి. ఒకతను పట్టకారుతో ఒక్కో రూపాయికీ ఉన్న కొక్కెం పటుక్కున తుంచి, ఆ చోటును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. దండల దారాలకు ఇంకా జిడ్డు ఉంది. ఎవరి మెడ జిడ్డో. ఒక దారంలో నెరిసిన వెంట్రుక చిక్కుకుని ఉంటే, అతను దాన్ని లాగి, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని, టీ గ్లాసు అందుకున్నాడు. పక్కనున్నతను ముసలమ్మలు ఇట్టే ఇచ్చేస్తారని ఏదో జోక్ వేశాడు. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

మావయ్య బల్ల మూల మీద ఉంది. తెల్ల చొక్కా, జేబుకు రిబ్బన్ పువ్వు. నన్ను చూడగానే పక్క బల్లల వాళ్ళను పిలిచి మరీ పరిచయం చేశాడు. మా పిల్ల, నా శిష్యురాలు, మాట్లాడదు కానీ చాలా తెలుసు అని. వాళ్ళు నా వైపు చూసి, నిజంగానే మాట్లాడదేమోనని కాసేపు ఆగారు. నేను తల దించుకుని బల్ల మీద ఉన్నవి చూడటం మొదలుపెట్టాను.

అంతా బాగానే సర్దాడు. ముందు వరసలో మంచివి, ఒక్కోదాని కింద ఆయన గుండ్రటి చేతిరాతతో చీటీ. పక్కన ఒక మిఠాయి డబ్బా ఉంది. అందులో బెజ్జాలు పడ్డవీ, అరిగిపోయినవీ. ఏరుకోండి అని హిందీలో రాసుంది. నాకు అలాంటివంటే ఇష్టం. చేతులు మారిన నాణేలకే కథలుంటాయనిపిస్తుంది. ఒకటి ఎత్తాను. అక్షరాల సందుల్లో పచ్చగా ఉంది. కిలుమనుకున్నాను. కిలుమైతే ఆకుపచ్చగా ఉంటుంది, ఇది పసుపుపచ్చ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు వాసన. దాని వెనకే పాత కర్పూరం వాసన, మా పూజ అర తలుపు తీసినట్టు.

ఇంకోటి చూశాను. అదీ పసుపే. ఇంకోటి. ఒకదానికి కుంకుమ కూడా అంటుకుని ఉంది. నా వేళ్ళు డబ్బా అడుగు దాకా వెళ్ళాయి. అక్కడ బోర్లా పడి ఉన్న వెండి రూపాయిని తిప్పేసరికి, కంటి చోట బెజ్జంతో రాజు నన్ను చూశాడు.

మావయ్య నా చెయ్యి చూశాడు. ఆయన మొహంలో భయం ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరిపి, తెలుగులో, నెమ్మదిగా, చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు.

"చూడు బేటా, స్వామికి రూపాయి ముట్టిందా లేదా, అదీ ముఖ్యం. ప్రతీ మూటకీ బదులు కొత్త రూపాయి నా చేత్తో హుండీలో వేసేను. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. పాతవి అందులో పడితే మళ్ళీ మన కళ్ళబడతాయా? ఇది హిస్టరీ. వీళ్ళకేటి తెలుసు? నీకు తెలుసు కదా."

నీకు తెలుసు కదా అన్న ఆ మాటకే నాకు అన్నిటికన్నా ఎక్కువ వెగటు పుట్టింది. నన్ను తనతో కలిపేసుకున్నాడు. కాలనీలో ఆడవాళ్ళు బిడ్డకు జ్వరం తగ్గాలనో, కూతురికి పురుడు క్షేమంగా జరగాలనో కట్టిన మూటల్ని ఆయన ఏ రైలు పెట్టెలోనో, ఏ సత్రం గదిలోనో కూర్చుని ఒక్కొక్కటే విప్పుతూ ఉండటం నా కళ్ళకు కట్టింది. నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తి ఉంటాడు. మొహం మీద వేలు పెట్టి ఉండడు.

నేను ఆ రూపాయి వదలకపోయేసరికి ఆయన నవ్వాడు. "అదా? దాన్నెవరు కొంటారమ్మా, కంట్లోనే బెజ్జం. తీసుకో, నీకు నా ప్రెజెంటు."

పక్క బల్లల వాళ్ళకు ప్రెజెంటు అన్న మాట అర్థమైంది. ఇంత మంచి గురువు ఎక్కడ దొరుకుతాడని ఒకాయన హిందీలో అన్నాడు. అందరూ నా వైపు తిరిగి, నేను థాంక్యూ చెప్పడం కోసం చూశారు. రూపాయిని గుప్పిట్లోకి తీసుకుని అన్నాను.

"ఇది మా నానమ్మ ముడుపు. దేవుడి దగ్గర దొంగిలించారు మీరు."

తెలుగులో అన్నాను. అలవాటు, ఆయనతో నేను ఎప్పుడూ తెలుగే మాట్లాడతాను. నా గొంతు ఎప్పటిలాగే చిన్నగా వచ్చింది. పక్కనున్నాయన చేతులు జోడించి, మీ భాష ఎంత మెత్తగా ఉంటుందండీ అని మావయ్యతో అన్నాడు. నేను కృతజ్ఞతలు చెప్పాననుకున్నాడు. మావయ్య మెల్లగా తల ఊపాడు, నిజంగానే కృతజ్ఞతలు అందుకున్నట్టు.

ఆ తల ఊపడం చూడకపోతే నేను అక్కడితో ఊరుకుని ఇంటికొచ్చేసేదాన్నే. ముడుపును హిందీలో ఏమంటారో ఆ క్షణంలో నాకు తోచలేదు. పుట్టింది రాయపూర్లో, చదివింది హిందీలో, అయినా ఆ మాట మా ఇంటి గడప దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. అందుకని ఉన్న మాటలతోనే చెప్పాను. "యే సబ్ భగవాన్ కీ పేటీ మే డాల్‌నే కో దియే థే. ఇన్హోనే నహీ డాలే." ఇవన్నీ దేవుడి హుండీలో వేయమని ఇచ్చినవి, ఈయన వేయలేదు అని. ఈసారి గొంతు పెద్దగానే వచ్చింది. రెండు బల్లల అవతల వాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఇక వీళ్ళు ఆయన్ని నిలదీస్తారని అనుకున్నాను. పుస్తకాలు ఎక్కువ చదివినందుకు అలా అనుకున్నానేమో. పట్టకారు అతను లేచి వచ్చి, మిఠాయి డబ్బాలోకి వంగి, తిరుపతివా అని మావయ్యను ఆసక్తిగా అడిగాడు. గుళ్ళో వేయాల్సినవంటే జనం ఎగబడతారన్నాడు. ఇంకొకతను గుడ్డలు కూడా ఉన్నాయా అని అడిగాడు. మావయ్య లేవన్నాడు, పారేశానని. అయ్యో, గుడ్డతో సహా అయితే ఇంకా బాగా పోయేవి కదా అని ఇద్దరూ నాలుక చప్పరించారు.

గుడ్డిరాజును గుప్పిట్లో పెట్టుకుని బయటికి నడిచాను. గేటు పక్కన మురిక్కాలవ దగ్గర వాంతి చేసుకున్నాను. ఆటోలో దారి పొడుగునా చేతికి పసుపు వాసన వస్తూనే ఉంది. పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన వాసన. ఆ రోజు దాన్ని భరించలేకపోయాను.

ఇంట్లో నానమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చూపు బాగా తగ్గింది ఆమెకు. ఏటి తెచ్చేవే అంది. ఏమీ చెప్పకుండా రూపాయి ఆమె అరచేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమింది. వేలు బెజ్జం దగ్గర ఆగిపోయింది. ఎక్కడ దొరికిందో, ఎవరి దగ్గరో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తాతయ్యను తిట్టిన మనిషి.

చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, "మిగతావోళ్ళవో?" అంది.

ఉన్నాయన్నాను. తేలేకపోయానన్నాను.

"ఆ సంత రేపూ ఉంతాదేటి?"

"ఉంటుంది."

"అయితే నా చెప్పులెక్కడున్నాయో సూడు. ఇప్పుడే తీసి గుమ్మంలో ఎట్టు."

మర్నాడు ఆమెను ఆటోలో తీసుకెళ్ళాను. మావయ్య బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఒంట్లో బాగోలేదట, రాలేదు. మిఠాయి డబ్బా ముందురోజు సాయంత్రమే అమ్ముడుపోయిందని పక్కాయన చెప్పాడు. ఎవరు కొన్నారో తెలియదన్నాడు. నానమ్మ నా భుజం పట్టుకుని నిలబడి, అడగమంది. అడిగాను. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, పసుపు అంటిన సిక్కాలున్నాయా అని అడుగుతూ హాలంతా తిరిగాను. కొందరు నవ్వారు. కొందరు అసలైన గుడి నాణేలంటూ తోమిన ఇత్తడి బిళ్ళలు చూపించారు. చివర్లో పట్టకారు అతని బల్ల మీద రెండు కనిపించాయి. అప్పుడే రుద్దడం మొదలుపెట్టాడు. ఒకదానికి సగం పసుపు పోయింది. నానమ్మ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ధర అడగలేదు. అతని మొహం వైపే చూస్తూ రెండిటినీ కొంగున ముడి వేసుకుంది. అతను గరుకు కాగితం మడిచి పక్కన పెట్టాడు.

అవి ఎవరివో తెలియలేదు. నానమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కొందరు నమ్మారు, ఎక్కువ మంది నమ్మలేదు. నమ్మితే తమ మొక్కు తీరనట్టవుతుంది కదా. పెద్దమనిషి మీద అలాంటి నింద తగదన్నారు. ఇప్పుడు మా పూజ అరలో మూడు మూటలున్నాయి. నాన్న సెలవు పెట్టాడు. అవి ఈసారి ఎవరి చేతికీ ఇవ్వం. ఆల్బమ్ మాత్రం నేను మళ్ళీ తెరవలేదు.

ఈ ఏడాది కూడా మావయ్య తిరుపతి వెళ్ళొచ్చాడు. మూటల సంచీ పట్టుకెళ్ళాడని విన్నాను. ఒక సాయంత్రం తలుపు కొడితే తీసింది నేనే. తెల్ల చొక్కా, నుదుట నామం, చేతిలో నేతి మరకలు పడ్డ కాగితం పొట్లం. "ప్రసాదం బేటా," అని చెయ్యి చాపాడు.

"వద్దు," అన్నాను.

ప్రసాదం వద్దనకూడదమ్మా అన్నాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా నేను తలుపు వేయలేదు.