ఖాళీ బెంచీల మీంచి వచ్చిన మైనస్

నేను లెక్కల టీచర్ని. దెయ్యాలను ఏనాడూ లెక్కచేసినదాన్ని కాను. పైగా మాది తాతల కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. మా ఇంట్లో పరిశుద్ధాత్మకు తప్ప మరే ఆత్మకూ ప్రవేశం లేదు. కాబట్టి ఇది చదివి నన్ను భయస్తుల్లో కలిపేయొద్దని మనవి. నాకు కలిగింది భయం కాదు, ఒళ్ళుమంట.

కరోనా లాక్‌డౌన్ కాస్త సడలించిన రోజులవి. ఉండేది ఏలూరు, పాఠాలు చెప్పేది తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, కాంట్రాక్టు మీద. ఆన్‌లైన్ అంటే అప్పటికి నాకు తెలిసిన లైను రోజూ పాసింజరులో వెళ్ళొచ్చే రైల్వే లైనొక్కటే. అలాంటిదాన్ని పట్టుకుని, ఇకపై పాఠాలన్నీ ఆన్‌లైనే, ముందు ఒక నమూనా పాఠం రికార్డు చేసి పంపండి, కమిటీ చూశాకే కాంట్రాక్టు పొడిగిస్తాం అన్నారు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని విన్న పిల్లల మాట చాలదట, ఫోను సాక్ష్యం చెప్పాలట! మావారి కంపెనీ అప్పటికే మూతపడింది. నా ఉద్యోగం కూడా పోతే ఇల్లు గడిచే దారి లేదు.

ఇంట్లో రికార్డింగ్ కుదరలేదు. పక్కవాటా మిక్సీ, ఎదురింటి టీవీ, మావారి తుమ్ములు అన్నీ నా పాఠంలో హాజరు వేయించుకున్నాయి.

గణపవరం దగ్గర ఒక ఊళ్ళో మా బాబాయ్ పాస్టరు. చర్చి వెనక సండే స్కూలు గది ఉంది. గోడకు నల్లబల్ల, ఎదురుగా పొట్టి బెంచీలు. లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి తాళం వేసే ఉంది.

"వచ్చి చెప్పుకోమ్మా. వినేవాళ్ళు లేకపోయినా దేవుడు వింటాడు" అన్నారు బాబాయ్.

"దేవుడికి లెక్కలు దేనికి బాబాయ్, మా కమిటీ వింటే చాలు" అన్నాను.

పొద్దున్నే వెళ్ళాను. ఫోనును వెనక బెంచీ మీద నిలబెట్టి, కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తలుపు గడియ వేసుకున్నాను. ఉన్నది ఒకే కిటికీ. దాని అవతల చేపల చెరువు, నీళ్ళు గోడను తాకుతూ ఉన్నాయి. అక్కడ మనిషి నిలబడే చోటు లేదు. పాఠం సాఫీగా సాగిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి, వీడియోలో నా మొహం నేనే చూసుకునే ధైర్యం లేక, చూడకుండానే పంపేశాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి ఫోను. "ఏంటండీ మేడమ్, పిల్లల్ని పోగేసి క్లాసు పెట్టారా? ఈ రోజుల్లోనా? కేసైతే ఎవరండీ దిక్కు?"

"పిల్లలెవరండీ? గదిలో నేనొక్కదాన్నే ఉన్నానండీ!"

"మరి ఆ అమ్మాయి గొంతు ఎవరిదండీ?" అని, సంజాయిషీ రాసివ్వమన్నారు. ఈ మాట తేలేదాకా కాంట్రాక్టు ఊసెత్తొద్దన్నారు.

నేనూ మావారూ కూర్చుని వీడియో చూశాం. తరగతిలో నాకొక అలవాటుంది. బోర్డు వైపు తిరిగి రాస్తూ, వెనక్కి చూడకుండానే "ఆ తర్వాత?" అంటాను. పిల్లలు చెబుతుంటే రాసుకుపోతాను. నేను తప్పు రాస్తే వాళ్ళే ఆపుతారు. వీడియోలోనూ అదే చేశాను. ఖాళీ బెంచీలకు వీపు పెట్టి "ఆ తర్వాత?" అన్నాను. తర్వాతి మెట్టులో మైనస్ గుర్తు పెట్టాలి, పెట్టలేదు.

"మైనస్ అండీ, మేడమ్."

పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. చేపలకు గాలి అందేలా చెరువులో తిరిగే ఏరేటర్ల చప్పుడు దూరంగా, ఈ గొంతు దగ్గరగా, ఫోనుకు ముందున్న బెంచీలోంచి వచ్చినట్టు ఉంది. ఫ్రేములో బెంచీలన్నీ కనిపిస్తున్నాయి, ఖాళీగా. వీడియోలో నేను వెనక్కి తిరగలేదు. మైనస్ పెట్టి, "థాంక్స్ అమ్మా" అని రాసుకుపోయాను.

ఆ గొంతు విన్నట్టు గానీ, థాంక్స్ చెప్పినట్టు గానీ నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

"ఎవరా పిల్ల?" అన్నారు మావారు.

"నన్నడుగుతారేంటండీ! నేనేమైనా హాజరు తీసుకున్నానా?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు. కానీ ఎవరి మీదో ఒకరి మీద పడాలిగా.

జరిగింది జరిగినట్టే రాసిచ్చాను. గది మూసి ఉంది, ఎవరూ లేరు, గొంతు ఎవరిదో తెలియదు. నిజం రాస్తే అబద్ధంలా కనబడుతుందని అప్పుడే తెలిసింది. కమిటీలో ఒకాయన నవ్వారట కూడా. మళ్ళీ రికార్డు చేయమన్నారు, ఇదే ఆఖరి అవకాశమన్నారు.

ఈసారి అదే గదిలో బాబాయ్‌ని సాక్షిగా ఫోను పక్కనే కూర్చోబెట్టాను. వేరే లెక్క తీసుకున్నాను. పాఠం అయ్యాక ఆయన మాస్కు కిందికి లాగి అడిగారు.

"మధ్యలో ఎవరికమ్మా థాంక్స్ చెప్పావు?"

"నేనెవరికీ చెప్పలేదు బాబాయ్."

"చెప్పావమ్మా. నేను నోరైనా విప్పందే!"

అక్కడికక్కడే వీడియో పెట్టాం. ఏ గొంతూ లేదు. ఒకచోట రెండు అంకె వదిలేశాను. ముందుకు వెళ్ళిపోతూ ఆగాను. తల కొంచెం పక్కకు వంచాను, వెనక నుంచి ఎవరైనా చెబితే వినేటప్పుడు వంచినట్టు. రెండు పెట్టాను. "థాంక్స్ అమ్మా" అన్నాను.

బాబాయ్ ప్రార్థన చేశారు. నేను వీడియో పంపాను. ఉద్యోగం నిలవాలి మరి.

నిలిచింది. బయటి గొంతు లేదు కాబట్టి కమిటీకి అభ్యంతరం లేదట. కాంట్రాక్టు కాగితం చేతికిస్తూ ప్రిన్సిపాల్ గారు పెద్దమనసుతో అన్నారు: "మీ సంజాయిషీ ఏమీ సంతృప్తికరంగా లేదండీ మేడమ్. అయినా ఈసారికి వదిలేస్తున్నాం."

నాకు మాత్రం సంతృప్తికరంగా ఉందనుకున్నారా?